పచ్చడి జాడీకి పట్టిన బూజు

మా ఇంట్లో పచ్చడి జాడీని శనివారం తప్ప మరో రోజు విప్పరు. పండుమిరపకాయలు, ఉప్పు, చింతపండు కలిపి తొక్కిన ఏడాది పచ్చడి అది. అమ్మ తలస్నానం చేసి వచ్చి, జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పి, వారానికి సరిపడా చేత్తోనే తీసి మళ్లీ కట్టేస్తుంది. పొదిలి దగ్గర మా ఊళ్లో ఇది ఇంటి చట్టం. చట్టం ఎవరు పెట్టారని అడిగే అలవాటు నాది. అందుకే ఆ వంటింట్లో నాకు పెద్ద మర్యాద లేదు.

మొన్న వేసవిలో నేను ఊళ్లో ఉండగా జాడీలో తెల్లటి బూజు కనిపించింది. అమ్మ పచ్చడిని వదిలేసి మా తమ్ముడి భార్య వైపు చూసింది. ఆ అమ్మాయి కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు.

"బయట ఉన్నప్పుడు జాడీ ముట్టుకున్నావా?"

"లేదత్తయ్యా."

"నీడన్నా పడుంటది. లేకపోతే నా చేతి పచ్చడికి బూజేంది?"

"మిరపకాయలు కోసే ఆడవాళ్లందర్నీ ఆ మాట అడిగే కోయిస్తున్నావా అమ్మా?" అన్నాను.

"నీ ఆడవాళ్ల సంఘం మీటింగుల్లో చెప్పుకోపోవే! ఇంకమీదట ఈ పిల్ల కొట్టుగదిలోకి రాకూడదు. అంతే."

జాడీతో పాటు ఉప్పూ పప్పూ అన్నీ ఉండేది ఆ గదిలోనే. అంటే గుప్పెడు కందిపప్పుకి కూడా ఆమె గడప బయట నిలబడి అడుక్కోవాలి. నాకు ఒళ్లు మండింది.

అయినా అనుమానం నన్నూ వదల్లేదు. కాయలు సరిగ్గా ఆరలేదేమో అనుకున్నాను. తడి గరిట పెట్టిందేమోనని ఒక క్షణం మరదలినీ అనుమానించాను. నాలుక మీద వేసుకుని చూస్తే ఉప్పు తక్కువైంది. నాన్నకు బీపీ అని ఈ ఏడు అమ్మే తగ్గించింది.

బూజు తీసేసి జాడీ కట్టారు. మరదలు ఆ గది గడప తొక్కలేదు. మళ్లీ శనివారానికి మళ్లీ బూజు!

"పాత మైల ఇంకా పోలా," అంది అమ్మ. దేనికైనా జవాబు సిద్ధంగా ఉండే నమ్మకాన్ని చూస్తే నాకు మరీ అనుమానం. పక్కనే నిలబడి చూశాను. అమ్మ జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. దండెం మీది తువ్వాలును తాకకుండా ఒదిగి వచ్చి, చేతులు ఒకసారి విదిలించి, జాడీలో పెట్టింది. మోచేతి నుంచి నీటిబొట్లు పచ్చడిలోకి జారాయి.

"చెయ్యి తుడుచుకోవేం?"

"ఆ తువ్వాలు అందరూ ముట్టుకున్నదే. స్నానం చేసినాక మళ్లీ మైల పూసుకోమంటావా?"

"నీ మడే బూజు పట్టిస్తోందమ్మా. ఇన్నేళ్లూ ఉప్పు కాచింది. ఇప్పుడా ఉప్పూ లేదు."

"నా కాపురమంతా ఇట్టాగే తీశాను," అంది గానీ, తడిచేతిని వెనక్కి తీసుకుంది.

పై శనివారం మరదలు ఉతికిన పొడిగుడ్డతో చేతులు తుడుచుకుని కొట్టుగది దగ్గరికి వచ్చింది. అమ్మ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాళ బయట లేవు గదా?"

"చెప్పనత్తయ్యా. చేతులు పొడిగా ఉన్నాయి, చూసుకోండి."

అమ్మ ఆ అరచేతుల్ని తిప్పి తిప్పి తడిమింది. మొహంలో అనుమానం అలాగే ఉంది. కాసేపటికి అడ్డం పెట్టిన చెయ్యి తీసింది.