అక్కకి ఇవ్వని రెండో పటం

కందిపప్పు ఉడకడం లేదని అక్క ఫోన్ చేసింది. కుక్కర్ పాడైందేమో చూసుకోమన్నాను. కుక్కర్ కాదు, టీ పెట్టినా పాలు విరిగిపోతున్నాయి, వీధి వీధంతా ఇదే గోల, అంది. నేనప్పుడు రాజమండ్రిలో ఆఫీసులో ఉన్నాను. నేలలో ఏముందో చూసి పటాలు గీయడం నా ఉద్యోగం. పప్పు ఎందుకు ఉడకడం లేదో నాకు ఆ క్షణంలోనే తట్టింది. తట్టనట్టే మాట్లాడి ఫోన్ పెట్టేశాను.

అక్కది సముద్రానికి కూతవేటు దూరంలో, చేపల వేట మీద బతికే ఊరు. ఊరంతా ఒక పొడవాటి ఇసుక మెరక మీద ఉంటుంది. ఒకప్పుడు సముద్రపు ఒడ్డు అదే. గోదావరి మట్టి తెచ్చి పోసినకొద్దీ ఒడ్డు ముందుకు జరిగిపోయి, పాత ఒడ్డు మెరకగా మిగిలింది. కురిసిన వాన ఆ ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీళ్ళ మీద పాల మీద మీగడలా తేలుతుంటుంది. ఊళ్ళో బావులన్నిటికీ ఆ మీగడే ఆధారం. పైనున్న ఇసుక తీసేస్తే మీగడ నిలవదు. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

కొన్నేళ్ళ కిందట ఆ ప్రాంతానికి పటాలు గీసింది నేనే. మా పద్ధతిలో ఒక్కో ప్రాంతానికి రెండు పటాలు వేస్తాం. నేలలో పనికొచ్చేవి, అంటే ఇసుక, ఇటుకమట్టి లాంటివి, ఎక్కడున్నాయో మొదటి దాంట్లో. నేలతో ప్రమాదం ఎక్కడుందో, ఎక్కడ సముద్రం కోస్తుందో, ఎక్కడ తవ్వితే నీళ్ళు ఉప్పెక్కుతాయో రెండో దాంట్లో. మొదటిది రంగురంగులుగా ఉంటుంది. రెండోదాన్నిండా బూడిదరంగు, అడ్డగీతలు. చూడ్డానికి బాగుంటుందని మొదటిదాన్ని ఫ్రేము కట్టించి అక్కకి ఇచ్చాను. ఇసుక మెరకలకి పసుపు వేశాం కాబట్టి, మీ ఊరంతా పసుపే, బంగారం మీద కూర్చున్నావు అని ఆటపట్టించాను కూడా.

అక్క దాన్ని ముందుగదిలో, చనిపోయిన బావ ఫోటో పక్కనే తగిలించింది. గుమ్మంలోకి ఎవరొచ్చినా, ఇది మా చెల్లి గీసిందండి అని చూపించడమే. టౌనులో ఇళ్ళస్థలాలు మెరక చేయించే వ్యాపారి ఒకాయన ఇసుక కోసం వాకబు చేస్తూ వచ్చాడట. మర్యాదస్తుడేనట. అక్క ఇచ్చిన టీ తాగి, పటం ముందు నిలబడి చాలాసేపు చూసి, ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్ళాడు. తరవాత లారీలు వచ్చాయి. మెరక పొడుగునా సరుగుడు తోటలున్న వాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఇసుక తవ్వుకోనిచ్చారు.

ఆ మధ్య వెళ్ళినప్పుడు ఆ గోతులు నా కళ్ళబడ్డాయి. చెప్పాలనే అనుకున్నాను. ఎవరికి చెప్పాలి, ఎలా మొదలెట్టాలి అని ఆలోచిస్తూ అక్క వండిన రొయ్యల ఇగురు రెండుసార్లు వడ్డించుకుని తిని, బస్సుకి టైమైందని వచ్చేశాను. నా మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడే.

ఫోన్ వచ్చాక ఆదివారం రెండో పటం చుట్టచుట్టి సంచిలో పెట్టుకుని, చేత్తో తిప్పే బోరు గొట్టాలు ఆటోలో వేసుకుని వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అక్క బావిలో నీళ్ళు నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తగిలాయి. వీధిలో మిగతా బావులూ అంతే. ఉండబట్టలేక అక్కతో అనేశాను, ఈ తవ్వకాలకి కారణం నా పటమే అని.

"నీదేముందే, ఆయనకి చూపించింది నేను కదా," అంది అక్క. తప్పు తన నెత్తిన వేసుకుని లోపలికెళ్ళి అన్నం వడ్డించింది. నేను కంచం పక్కన పెట్టి లేచాను.

మెరక మీద ఇసుక తీయని చోటు ఇంకెక్కడుందా అని ఊరంతా తిరిగాను. ఒక్కటే మిగిలింది, శ్మశానం. మావాళ్ళలో పాతిపెట్టడం ఆనవాయితీ. లారీ తోలేవాళ్ళు కూడా అక్కడ పార వెయ్యలేదు. సమాధులకి దూరంగా, ఎగువన ఖాళీగా ఉన్న చివర బోరు దింపుదామన్నాను. శ్మశానం నీళ్ళు ఎలా తాగుతాం అని పెద్దవాళ్ళు ముఖాలు చిట్లించారు. అక్క మాత్రం పద అంది. ఆ చివరికి అందరికన్నా దగ్గరగా ఉన్నది బావ సమాధే.

గొట్టం దిగి నీళ్ళు పడ్డాయి. పరీక్ష చేయించేదాకా ఎవరూ తాగొద్దని నేను అంటూనే ఉన్నాను, అక్క దోసిలి పట్టి నోట్లో పోసుకుంది.

"తియ్యగా ఉన్నాయి. మీ బావ ఉన్నప్పుడూ నీళ్ళు తనే తోడిపెట్టేవాడు," అంది.

పెద్దవాళ్ళలో ఒకాయన కండువాతో కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చాడు. నేను సీసాలో నీళ్ళు పట్టుకుని మూత బిగించాను. మర్నాడు ల్యాబులో ఇవ్వాలి.

అప్పుడు అక్క, నేను ఇసుకలో పరిచిన రెండో పటం మీదకి వంగింది. తన చదువు ఎనిమిదో తరగతితో ఆగింది కానీ అక్షరాలు బాగానే చదువుతుంది. ఊరి పేరు వెతికి పట్టుకుంది. దాని మీద అడ్డగీతల్ని వేలితో తడిమి, పక్కన రాసింది కూడబలుక్కుంటూ చదివింది. ఇసుక తవ్వరాదు, బావులు ఉప్పెక్కును. అది రాసింది నేనే.

"ఇది కూడా అప్పుడే గీశావా?" అని అడిగింది.

అవునన్నాను.

"ఇదీ ఇచ్చుంటే దాని పక్కనే తగిలించేదాన్ని కదే," అంది అక్క.