ఎడమ వైపు అల

ముందు మంచు జారే చప్పుడు వినిపిస్తుంది. రేకుల షెడ్డులో నలిగిన మంచు గొట్టం వెంట గలగలమని దిగి, చేపల పడవ అడుగున పడుతుంది. ఆ చప్పుడు ఆగాకే గొట్టం పక్కన మనిషి కనిపిస్తాడు. పసుపు రబ్బరు ప్యాంటు, చెవులు కప్పిన ఉన్ని టోపీ, నెరిసిన కనుబొమ్మలు. ఐనార్ కోస్కీ. ఒరెగాన్ తీరంలోని ఆ చిన్న రేవులో ముప్ఫై అయిదేళ్లకు పైగా మంచు అమ్ముతున్నాడు. దానికి ముందు ఏడేళ్లు కోస్ట్ గార్డులో పనిచేశాడు. రేవులో ఎవరైనా ఆ ఏడేళ్ల గురించే మాట్లాడతారు, మంచు గురించి కాదు.

అక్కడ నది సముద్రంలో కలిసేచోట ఇసుక తిన్నె ఉంది. చలికాలంలో దాని మీద అలలు ఇరవై అడుగులు లేచి విరుగుతాయి. విరిగే అలల్లోకి రక్షక బోటు తోలుకెళ్లే అర్హతకు సర్ఫ్‌మన్ అని పేరు. ముందు తాళ్ల పని నేర్చుకోవాలి, తర్వాత నెమ్మది నీళ్లలో చుక్కాని పట్టాలి, తర్వాత గాలివానలో. నేర్చిన ప్రతి పనికీ లావుపాటి పుస్తకంలో ఒక సంతకం. నేర్పేవాళ్లు ఉన్నా, తగిన అలలు రాకపోతే శీతాకాలాలు ఊరికే గడిచిపోతాయి. సముద్రం కూడా సంతకం పెట్టాల్సిన పుస్తకం అది.

కోస్కీకి నేర్పినవాడు చీఫ్ ప్రూయిట్. తక్కువ మాటల మనిషి, ఆ తక్కువలోనూ సగం ఎత్తిపొడుపులే. నీళ్లలో పడ్డ మనిషికి బదులుగా సాధనలో విసిరే గడ్డిబొమ్మకు ఆస్కార్ అని పేరు. కోస్కీ బొమ్మను దాటిపోయినప్పుడల్లా చీఫ్ అనేవాడు: "నీకంటే ఆస్కారే నయంరా కోస్కీ. నోరు మూసుకుని తేలతాడు."

ఆఖరి పరీక్ష ఎనభై ఆరు నవంబరులో జరిగింది. నడుం బెల్టులను బోటు కడ్డీలకు తగిలించుకున్నారు. చుక్కాని కోస్కీ చేతిలో ఉంది, చీఫ్ అతని వెనకాల నిలబడ్డాడు. పరీక్ష పెట్టేవాడు మాట్లాడకూడదు. కోస్కీ బొమ్మను తీసుకుని అలలకు అడ్డంగా వెనక్కి వస్తున్నప్పుడు, ఎడమ వైపు రాతి కట్ట దగ్గర రెండు అలలు ఒకదానిమీదొకటి ఎక్కాయి. బూడిదరంగు నీటిగోడ, అంచున పాలపొంగులాంటి నురగ. అతను చూశాడు. బోటు ముక్కును దానికెదురుగా తిప్పాడు. బోటు నిట్టనిలువుగా ఎక్కింది, శిఖరాన ఒక్క క్షణం బరువంతా మరిచిపోయింది, అవతల దబ్బున పడింది. అందరూ క్షేమంగా ఉన్నారు.

భయం ఆ తర్వాత వచ్చింది. నిలకడ నీళ్లలోకి చేరి, ఇంజను గొంతు తగ్గించాక. ఇవాళ్టితో పుస్తకం పూర్తవుతుంది. రేపటినుంచి మిగతా బోట్లు ఆగిపోయిన రోజున తనే వెళ్లాలి, ముగ్గురు మనుషుల్ని వెంటబెట్టుకుని, ఫోను మోగిన ప్రతిసారీ.

రేవులో చీఫ్ పుస్తకం తెరిచి, కలం తీసి అడిగాడు. "ఎడమ వైపు అలను ఎప్పుడు చూశావు?"

"చూడలేదు చీఫ్. చెయ్యి అటు తిరిగింది, అంతే. అదృష్టం."

చీఫ్ సంతకం పెట్టకుండానే పుస్తకం మూసి, చెయ్యి కలిపాడు. సాయంత్రానికల్లా కోస్ట్ గార్డు స్టేషనంతా తెలిసింది. అల దాటి కూడా నిజం ఒప్పుకున్నాడని కాఫీలు పోసి భుజం తట్టారు. ఆ కాఫీ ఎలా మింగాడో కోస్కీకి గుర్తులేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం పీతల పడవ ఒకటి తిన్నె మీద బోల్తాపడింది. అందులో ఇద్దరు అన్నదమ్ములున్నారు. చీఫ్ ఒక బోటుతో ఉత్తరాన ఇంకో పడవను లాగుతున్నాడు. రెండో బోటు రేవులోనే ఉంది. ఎక్కడానికి మనుషులూ ఉన్నారు. తోలే అర్హత ఉన్నవాడే లేడు. కోస్కీ కావలి గోపురంలో నిలబడి, బైనాక్యులర్‌లో బోల్తాపడ్డ ఎర్రటి అడుగుభాగాన్ని చూస్తూ ఉండిపోయాడు. దాని మీద మొదట ఇద్దరు కనిపించారు, తర్వాత ఒక్కడు, ఆ తర్వాత ఎరుపు మాత్రమే. పక్క స్టేషను బోటు రావడానికి యాభై నిమిషాలు పట్టింది.

అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. వసంతంలో ఉద్యోగం వదిలేసి మంచు షెడ్డులో చేరాడు.

చీఫ్ మాత్రం ప్రతి ఏటా కొత్తవాళ్లకు ఆ పరీక్ష కథ చెబుతూ వచ్చాడు. ఆయన రిటైరయ్యాక కూడా స్టేషనువాళ్లు పిలిపించుకుని చెప్పించుకునేవారు. కుర్రాళ్లు షెడ్డుకు వచ్చి చెయ్యి కలిపేవారు. కోస్కీ తడి గ్లవుసు తియ్యకుండానే చెయ్యి ఇచ్చేవాడు.

పోయిన శీతాకాలం మారిసెల్ ఒచోవా అనే అమ్మాయి వచ్చింది. సర్ఫ్‌మన్ పరీక్షలో తప్పానని నవ్వుతూ చెప్పింది. ఒక అలను నిజంగానే చూడలేదట. చూశానని అబద్ధమాడేదేనట, సరిగ్గా అప్పుడు కోస్కీ కథ గుర్తొచ్చిందట. "మీ పుణ్యమే సార్," అంది. "వచ్చే ఏడు మళ్లీ పరీక్షకు నిలబడతాను. ఇలా తప్పినా బాధ లేదు."

ఆమె వెళ్లాక కోస్కీ గొట్టం మూత కట్టి, కొండ మీది చీఫ్ ఇంటికి నడిచాడు. చీఫ్‌కు ఎనభై దాటాయి. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. కోస్కీ కుర్చీ లాక్కోలేదు.

"చీఫ్, ఆ అలను నేను చూశాను."

ప్రూయిట్ చేతిలో దుంప పూర్తయ్యేదాకా తలెత్తలేదు.

"తెలుసు. అది లేవకముందే నీ తల అటు తిరిగింది. పరీక్ష పెట్టేటప్పుడు నేను నీళ్లవైపు చూడనురా, తోలేవాడి తలకాయవైపు చూస్తాను."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"వెళ్లలేనన్నవాణ్ణి ఎలా పంపను? వెళ్లలేనని చెప్పడానికి నోరు రాక, చూడలేదన్నావనుకున్నాను." మరో దుంప తీసుకున్నాడు. "కథ పిల్లలకి పనికొచ్చింది. కూర్చో."

కోస్కీ కూర్చోలేదు. మర్నాడు మారిసెల్‌ను వెతుక్కుంటూ వెళ్లి, అన్నదమ్ముల సంగతితో సహా అంతా చెప్పేశాడు. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, చెప్పినందుకు థ్యాంక్స్ అంది. మళ్లీ షెడ్డుకు రాలేదు.

ఇదంతా రాసుకోవడానికి వచ్చిన మనిషిని రేవు గేటు దాకా సాగనంపుతూ, కోస్కీ చివరగా అన్న మాటలివి:

"ఆ రోజు చీఫ్ రెండోసారి అడగలేదండీ. అడిగుంటే చూశాననే చెప్పేవాణ్ణి. ఆ అన్నదమ్ముల దాకా చేరేవాణ్ణో లేదో తెలీదు గానీ, బయల్దేరేవాణ్ణి."