వాజలీన్ వేలు

అమీర్‌పేటలో మా పక్క గది అన్నకు కెమెరా పట్టాడంటే ఒక్కచోట కాలు నిలిచేది కాదు. పాతకాలం ఫొటోల్లోని మసక అందం కోసం లెన్స్ ముందున్న గాజుకు వేలితో వాజలీన్ పూసేవాడు, తుడిచేవాడు, మళ్లీ పూసేవాడు. ఎంత బాగా వచ్చినా, "జర ఆగు తమ్మీ, ఇంకోటి తీస్త" అనేవాడు.

ఓ సాయంత్రం పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద నన్నలాగే నిలబెట్టి చంపుతుంటే, విసుగొచ్చి కెమెరా లాక్కుని ఆయన్నే తీశాను. గాజు అప్పుడే తుడిచాడు. వాజలీన్ ఇంకా వేలి మీదే ఉంది. కళ్ల కింద నలుపు, నెరిసిన గడ్డం, అన్నీ స్పష్టంగా పడ్డాయి.

కెమెరా తీసుకుని తెర మీద తనను చూసుకున్నాడు.

"నేను గిట్లున్ననా?"

"ఇంకోటి తీయనా అన్నా?"

"వద్దు" అని ఆ వేలు చొక్కాకు తుడుచుకున్నాడు.