పిల్లికీ చేపకీ స్నేహమా!

మా అత్తయ్య యానాం మార్కెట్లో చేపలమ్ముతుంది. పిల్లి కనబడితే ఆవిడకు ఒళ్ళు మంట. అలాంటి ఇంటికి మా పాప బడి నుంచి తెచ్చిన కథల పుస్తకంలో ఒక పిల్లీ ఒక చేపా ప్రాణస్నేహితులు! పెద్ద పెద్ద అక్షరాలు, చిట్టి చిట్టి అధ్యాయాలు, అప్పుడప్పుడే చదవడం నేర్చే పిల్లల కోసం.

పాప అప్పుడు రెండో తరగతి. ఇంట్లో వసపిట్టే గానీ, బడిలో చదవమంటే నోరు విప్పదు. ఒక్క మాట దగ్గర తడబడితే చాలు, కళ్ళనీళ్ళు పెట్టుకుని పుస్తకం మూసేస్తుంది. సోమవారం క్లాసులో అందరి ముందూ నిలబడి ఆఖరి అధ్యాయం చదవాలన్నారు టీచరు గారు. నాకసలే ఓపిక తక్కువ. నా దగ్గర కూర్చోబెట్టుకుంటే రెండో వాక్యానికే ఇద్దరం ఏడుపు మొహాలు పెట్టేవాళ్ళం.

సాయంత్రాలు అత్తయ్య అరుగు మీద కత్తిపీట వేసుకుని ఇంటికోసం చేపలు కోస్తుంటే, పాప పక్కన చేరి చదివేది.

"పిల్లి... చేపను... కుం... కుం..."

"ఆగాగు! మింగేసుంటాది. ఆ రాసినోళ్ళు పిల్లినెప్పుడైనా సూసేరా?"

"మింగలేదు మామ్మా!"

"మరేం సేసిందో సదివి సెప్పు. నేన్నమ్మను."

పాపకు రోషం వచ్చేది. ఏడుపు మరిచిపోయి, వేలు పెట్టి కూడబలుక్కుని, "కుండలో పెట్టుకుని ఊరంతా చూపించింది! ఇదిగో, ఇక్కడుంది!" అని అరిచేది.

"అబద్ధం. సాల్లే సంబడం."

"దాన్ని చదవనివ్వండి అత్తయ్యా, మాటిమాటికీ అడ్డం పడతారేంటి?" అని విసుక్కున్నాను. నా మాట ఎవరు విన్నారు గనక!

ఆదివారం ఆఖరి అధ్యాయం. వరదకు చేప రోడ్డు మీద పడితే, పిల్లి దాన్ని నోట కరుచుకుని తీసుకెళ్ళి గోదావరిలో వదిలేస్తుంది. నోట కరుచుకోవడమే! ఇక అత్తయ్య ఒంటికాలి మీద లేస్తుందని చూస్తున్నాను. ఆవిడ చెయ్యి ఆపి వింటూ కూర్చుంది. పాప ఎక్కడా తడుముకోకుండా చివరిదాకా చదివేసింది.

"మామ్మా, ఇవాళ అబద్ధం అనలేదేం?"

"నువ్వాగితేనే కదే నేననేది!"

అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ పేచీ పెట్టిందల్లా పిల్ల తడబడిన చోటే! ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ కూడా ఆవిడని గుర్తించలేదు. ఎంత తెలివి, ఎంత ప్రేమ ఈ మనిషిది! లేచి దండం పెట్టాలనిపించింది.

సోమవారం పాప బడి నుంచి పరిగెత్తుకొచ్చింది.

"మధ్యలో ఒకచోట ఆగిపోయాను మామ్మా. అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు నువ్వు 'అబద్ధం' అన్నట్టు వినపడింది. చదివేశాను!"

అత్తయ్య దాన్ని ఒళ్ళోకి లాక్కుని, కొంగుతో కళ్ళొత్తుకుంది.

"పిల్లి చేపని వదిలేసిందంట! సాల్లే సంబడం" అంది.