కిందికొచ్చే కుర్చీలో ఒక్కడినే

మొన్న శనివారం ఆక్లాండ్‌లో ఒక మాల్‌లో, ఎస్కలేటర్ మొదట్లో ఉన్నవాళ్ళు: నేతచీర మీద ఉన్ని స్వెటర్, కాళ్ళకు తెల్లటి స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ, ఆవిడ కూతురు, ఐస్‌క్రీమ్ మోచేతి దాకా కార్చుకున్న మనవరాలు, రెండు సంచులతో నేను, నా వెనక ఓ పదిమంది. పెద్దావిడ కుడికాలు గాలిలో ఉంచి, ఈ మెట్టు కాదు, తర్వాతి మెట్టు అన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, పెట్టవే కాలు, జనం చూస్తున్నారు."

"చూడనీవే, వాళ్ళకేం పనిలేదా!"

వెనకవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కదిలిపోతున్న దాని మీద సరైన క్షణంలో ఎక్కడమంటే ఏమిటో నాకు తెలుసు గనుక, మోకాళ్ళ వెనక ఏదో తగిలినట్టయి, సంచులు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటూ, ఏళ్ళ కిందటి ఒక మంచుకొండ దగ్గరికి వెళ్ళిపోయాను.

అప్పటికి నేను ఈ దేశం వచ్చి రెండేళ్ళు కాలేదు. ఆక్లాండ్‌లోనే మౌంట్ రాస్కిల్ అనే పేటలో మరో ఇద్దరితో కలిసి ఒక ఫ్లాట్, పెద్ద భవనాల్లో ఏసీ గొట్టాలు ఎటునుంచి ఎటు పోవాలో గీసే ఆఫీసులో ఉద్యోగం. వర్క్ వీసా మీద బతికినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కూర్చున్నచోట కూర్చోలేం, ఫోన్ మోగితే ఉలిక్కిపడతాం, యజమాని నవ్వినా ఎందుకు నవ్వాడా అని ఆలోచిస్తాం. మా యజమాని హైదరాబాద్ ఆయనే, నేను అంకుల్ అనేవాణ్ణి. ఏటా ఆగస్టులో, ఇక్కడి చలికాలంలో, ఆయన కుటుంబం, ఇంకో నాలుగు కుటుంబాలు కార్ల మీద మంచులో జారే స్కీలు కట్టుకుని, ఫ్లాస్కుల్లో అల్లం టీ, డబ్బాల్లో పులిహోర పెట్టుకుని, ఐదు గంటల దూరంలోని ఆ కొండకు వెళ్ళేవారు. ఆ ఏడాది నన్నూ రమ్మన్నారు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఆంటీ చెల్లెలి కూతురు ఉంది, పళ్ళ డాక్టరు, ఐదో ఏట నుంచీ మంచు మీద జారుతున్న పిల్ల.

మన ఇళ్ళల్లో అయితే ఎదురెదురుగా కుర్చీలు వేసి, కాసేపు మాట్లాడుకోండని పెద్దవాళ్ళు వంటింట్లోకి తప్పుకుంటారు. ఇక్కడ కుర్చీ ఇనుప తాడుకు వేలాడుతోంది, అంతే తేడా. కొండపైకి తీసుకెళ్ళే ఆ లిఫ్ట్‌లో ఒక్కో కుర్చీకి ఇద్దరే. క్యూలో ఎవరి పక్కన ఎవరుండాలో ఆంటీ భుజాలు పట్టుకుని మరీ సర్దింది.

ఆ కుర్చీ ఆగదు. చక్రం చుట్టూ తిరిగి వెనకనుంచి వస్తుంది, మోకాలికి తగలగానే కూర్చోవాలి. నేను చదివినవాణ్ణి కదా, కుర్చీ వేగమెంత, నేనెంత ముందు వంగాలి అని లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. డాక్టరమ్మాయి కూర్చుని వెళ్ళిపోయింది. నేను "అమ్మో!" అంటూ అద్దె స్కీలతో సహా బోర్లా పడ్డాను. లిఫ్ట్ మొత్తం ఆగిపోయింది. వెనక ఖరీదైన జాకెట్ల క్యూ అంతా ఒక్కసారి నిట్టూర్చింది.

"లేవండి లేవండి, నెక్స్ట్ చెయిర్ మీ తలమీదే ఉంది!"

తెలుగు వినగానే మళ్ళీ పడబోయాను. లిఫ్ట్ దగ్గర పనిచేసే అమ్మాయి. మంచుకు మొహం కమిలిపోయి, టోపీ కనుబొమ్మల దాకా లాక్కుని, నా చంకల కింద చేతులేసి బస్తాను జరిపినట్టు పక్కకు జరిపింది. రెండోసారి పడ్డప్పుడు "మళ్ళీ మీరేనా!" అంది. మూడోసారి పడ్డప్పుడు చెయ్యి పట్టుకుని లేపుతూ, గొంతు తగ్గించి అడిగింది.

"ఎక్కడం రాదా, ఎక్కాలని లేదా?"

"రెండూ కొంచెం కొంచెం" అన్నాను. ఆమె నవ్వింది. నాలుగోసారి ఎందుకు పడ్డానో మీరే ఊహించుకోండి.

ఇలా పడుతూ లేస్తూ ఆమె గురించి కొన్ని సంగతులు తెలుసుకున్నాను, నన్ను ఇక్కడికెందుకు తెచ్చారో నేనూ చెప్పాను. ఊరు పామర్‌స్టన్ నార్త్. వాళ్ళమ్మ వృద్ధుల హోమ్‌లో నైట్ డ్యూటీలు చేస్తుంది. ఈ సీజనంతా పనిచేసి, వచ్చే ఏడాది నర్సింగ్‌లో చేరాలి. పనివాళ్ళకు స్కీయింగ్ ఉచితమే అయినా ఆమె ఒక్కసారీ పైకి వెళ్ళలేదు. ఎందుకంటే, "మీలాంటివాళ్ళని కింద ఎవరు లేపుతారండీ" అంది.

మధ్యాహ్నం మావాళ్ళంతా ఎండలో పులిహోర తింటూ స్విట్జర్లాండ్ మంచుకూ ఇక్కడి మంచుకూ తేడా చెప్పుకుంటుంటే, ప్రాక్టీస్ అని చెప్పి నేను లిఫ్ట్ దగ్గరికి పోయాను. ఈసారి ఆమె నవ్వలేదు. ఇంకొక్కసారి లిఫ్ట్ ఆగితే ఆమెను కార్‌పార్క్ పనికి పంపిస్తానన్నాడట సూపర్‌వైజర్. "అక్కడ గాలి ఎక్కువ, గంటలు తక్కువ. గంటలు తగ్గితే నా కోర్సు పోయినట్టే. మీ పెళ్ళిచూపులకి నా ఉద్యోగం పోయేలా ఉందండీ. దయచేసి ఎక్కండి, లేదా రాకండి."

ఆ మాటతో నాలో మిగిలిన కాస్త స్థిమితమూ పోయింది. రాకుండా ఉండలేను, పులిహోర ముగించి అక్కడ ఆంటీ మళ్ళీ క్యూ సర్దుతోంది. పడకుండా ఉండగలనా అంటే నమ్మకం లేదు. మళ్ళీ డాక్టరమ్మాయి పక్కన నిలబెట్టారు. "ఆలోచించకండి" అంది లిఫ్ట్ అమ్మాయి, కుర్చీని తన నడుముతో అడ్డుకుని నెమ్మది చేస్తూ. ఆలోచించలేదు. కూర్చున్నాను.

పైకి పోతుంటే ఆ డాక్టరమ్మాయి ఇంగ్లీషులో, చాలా మర్యాదగా, సగం దూరం వచ్చేలోపు లిఫ్ట్ అమ్మాయి ఊరు, వాళ్ళమ్మ ఉద్యోగం, చదవబోయే కోర్సు అన్నీ నేను చెప్పేశాననీ, తన గురించి మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదనీ గుర్తుచేసింది. సిగ్గుతో నేలవైపు చూడబోతే, నేల చాలా కింద ఉంది. ఆమెకేం కోపం రాలేదు. ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించింది. ఇది కుదరదని పెద్దమ్మకు మాత్రం నువ్వే చెప్పాలి, నేను చెబితే వచ్చే ఏడాది ఇంకొకరిని పట్టుకొస్తుంది అని, పైన దిగగానే ఏటవాలు మీద పక్షిలా జారిపోయింది.

నాకు జారడం రాదు. పైనున్న పనివాడు నా స్కీలు విప్పించి, వాటిని నా ఒళ్ళో పెట్టి, కిందికి వెళ్ళే ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టాడు. కొండమీద ఎవరూ కిందికి కుర్చీలో రారు. పైకి వచ్చే ప్రతి కుర్చీ నాకు ఎదురే. అందరూ నన్ను చూసేవాళ్ళే. ముందు ఇద్దరు స్కూలు పిల్లలు, తర్వాత అంకుల్‌తో గోల్ఫ్ ఆడే ఆయన, ఆ తర్వాత అంకుల్, ఆంటీ.

"నువ్వెందుకు కిందికొస్తున్నవ్? పిల్లేది?"

"కుదర్లేదు ఆంటీ!"

"ఏం కుదర్లే? బూట్లా?"

అప్పటికే కుర్చీలు ఒకదాన్నొకటి దాటేశాయి. రేపు ఉద్యోగం, వీసా ఏమవుతాయో ఆలోచించే వ్యవధి లేదు.

"పెళ్ళి!" అని అరిచాను.

రెండు రోజులుగా మావాళ్ళలో ఒక్కరూ నోటితో అనని మాట. అంకుల్ కొండవైపు చూశాడు. ఆంటీ వెనక్కి తిరగబోతే ముందున్న కడ్డీ తిరగనివ్వలేదు. కుర్చీ ఊగుతుంటే ఆవిడ గొంతు పైపైకి పోతూ వినిపించింది. "పెళ్ళని ఎవరన్నరు? ఎవరన్నరు?"

కింద సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లిఫ్ట్ అమ్మాయి వేగం తగ్గించింది గానీ ఆపలేదు. ఆపకూడదు. నా గుండె మాత్రం కుర్చీకంటే ముందే దిగిపోయింది. "ఇప్పుడు!" అంది. లేచాను. స్కీలు రెండు చేతుల్లో పట్టుకుని నాలుగడుగులు పరుగెత్తి, కంచె పట్టుకుని ఆగాను. పడలేదు. సూపర్‌వైజర్ ఒక్క క్షణం చూసి, కాఫీ కోసం వెళ్ళిపోయాడు.

షిఫ్ట్ ఎప్పుడైపోతుందని అడిగాను.

"నాలుగింటికి. అవునూ, పైన పెళ్ళని అరిచింది మీరేనా? ఇక్కడికి వినపడింది."

సోమవారం ఆఫీసులో అంకుల్ ఒక డ్రాయింగ్ ముందు పెట్టి ఇది సరిచెయ్యి అన్నాడు. వీసా పొడిగింపు కాగితం మీద సంతకమూ పెట్టాడు. మంచుకు మాత్రం మళ్ళీ పిలవలేదు. ఆమె సీజన్ చివరిదాకా ఆ లిఫ్ట్ దగ్గరే పనిచేసింది, నర్సింగ్‌లో చేరింది. నేనూ పామర్‌స్టన్ నార్త్‌కు ఉద్యోగం మార్చుకున్నాను. ఆ ఊళ్ళో ఎటు చూసినా చదునే, ఎక్కడానికీ దిగడానికీ ఏమీ లేదు.

పోయిన చలికాలం ఇద్దరం ఆ కొండకు వెళ్ళాం. పాత లిఫ్ట్ తీసేశారు. ఇప్పుడు అద్దాల క్యాబిన్లు వచ్చాయి, నింపాదిగా లోపలికి నడవొచ్చు, తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. ఎవరూ పడటం లేదు, ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోవడం లేదు. కూర్చున్నా నాకు కాలు నిలవలేదు. మా ఆవిడ మాత్రం క్యాబిన్ అద్దంలోంచి, ఒకప్పుడు తను నిలబడ్డచోటు వైపు చాలాసేపు చూసింది. దిగాక అక్కడ పనిచేసే కుర్రాణ్ణి, ఇప్పుడు ఎంతమంది ఉంటారని అడిగి వచ్చింది. ఆమె రోజుల్లో ఒక్కో షిఫ్టుకు కింద ముగ్గురు, పైన ఇద్దరు ఉండేవారు.

ఇప్పుడు మొత్తం ఒకరు.