ఇంద్రాణి పరీక్ష

సొంత ఇంట్లో కొడవలి తీసుకుందామని తలుపు తోసిన బీరప్ప నుదుటికి పాలచెంబు వచ్చి తగిలింది. రక్తం కళ్లలోకి కారుతుండగా ఆయన గడప అవతలే కూలబడ్డాడు. విసిరింది చెల్లెలు ఇంద్రాణి. పుంగనూరులో గొర్రెలు కూడా అడక్కుండా లోపలికొచ్చే ఆ ఇంట్లోనే కూర్చుని ఆమె కంప్యూటర్ నెట్‌వర్కింగ్ కోర్సు చదివింది. చదువంటే ఆమెకు కొట్లాటే: కీబోర్డును బాదుతుంది, జవాబు తప్పితే గోడను గుద్దుతుంది, పిడికిలి మీద తోలు లేచినా ఆపదు. ఆ రోజు ఇంట్లోనే, కెమెరా ముందు ఆన్‌లైన్ పరీక్ష. పాసైతేనే మదనపల్లెలో ఉద్యోగం. గదిలోకి ఇంకొకరు వచ్చినా, తెర మీంచి ఆమె చూపు తిప్పినా పరీక్ష రద్దే. తలుపు చప్పుడుకి ఆమె చెయ్యి మాత్రమే కదిలింది. పాసైనాక బయటికొచ్చి అన్న తలకు గుడ్డ బిగించి కడుతుంటే, ఆయన మూలిగాడు:

“ఎవురో ఏమో సూడకుండానే కొడతావా పాపా?”

“సూసుంటే ఫెయిలయ్యేదాన్ని గదన్నా!”