గుండె చుట్టూ కత్తిరించిన ముక్కలు

"గుర్తున్న మూలనే కత్తిరించినవేందే? ఇగ ఇది దేనికీ పనికిరాదు."

"దిండు గలీబుకు పనికొస్తది తియ్యి."

"కానియ్యి. నీ దిండుకు శాఫ్టుతోని ఏం పని."

నేనూ మా ఆయనా చివరిగా మాట్లాడుకున్నవి ఈ మూడు మాటలే. టిఫిన్ డబ్బా పట్టుకొని మొదటి షిఫ్టుకు పోయాడు. మధ్యాహ్నం గని ఆఫీసులో కూలబడ్డాడని కబురొచ్చింది. నేను దవాఖానకు చేరేసరికి మాట లేదు.

ఆయన సర్వే సెక్షన్లో మజ్దూరు, కొలతల టేపు పట్టేవాడు. భూమి లోపల బొగ్గు పొరలు పొరలుగా ఉంటుందట. ఒక్కో పొరకు ఒక్కో నక్షా, ఒకదాని మీద ఒకటి పేర్చి చూసేందుకు, అవతలి గీత కనిపించేంత పలచని గుడ్డ మీద గీసేవారు. అన్నిటి మీదా ఒకే చోట శాఫ్టు గుర్తు, అంటే మనుషులు కిందికి దిగే బావి గుర్తు. "బొగ్గు అంచులు జూసి పేరిస్తె మోసపోతం. శాఫ్టు మీద శాఫ్టు పెట్టాలె," అని అన్నం తింటూ చెప్పేవాడు. నేను ఊఁ కొట్టేదాన్ని. రద్దయిన పాత నక్షా ఒకటి ఇంటికి తెచ్చాడు. వేడినీళ్ళలో ఉడికిస్తే గంజి పోయి మెత్తటి తెల్లగుడ్డ అవుతుంది. దాన్నే నేను కోశాను, శాఫ్టు గుర్తున్న మూల తీసేసి.

ఆ తర్వాత ఏడేళ్ళు ఒక్కదాన్నే. గిన్నె ఒకటి, గ్లాసు ఒకటి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే అల్మారాలో గిన్నెలు గలగలమంటాయి. చప్పుడైందని చెప్పడానికైనా పక్కన మనిషి లేదు. జాకెట్లు కుడుతూ మిషన్‌తోనే మాట్లాడేదాన్ని.

అప్పుడు వచ్చావు నువ్వు. రాస్తూనే ఉండు బిడ్డా, నీ సంగతే కదా అని పెన్ను ఆపకు; ఎవరి కథో అన్నట్టే చెప్తాను. మా తమ్ముడి బిడ్డ, జైపూర్ మండలంలో ఊరు, ఇక్కడి కాలేజీలో జీవశాస్త్రం పెద్ద చదువు. హాస్టల్ కూడు పడక నా దగ్గరికొచ్చింది. రెండో గ్లాసు కిందికి దింపాను.

దాని పని నాకు మొదట పిచ్చిపని అనిపించింది. మూడు రోజులు పొదిగిన కోడిగుడ్డులోని పిల్లను మైనంలో బిగించి, మిషన్‌తో ఉల్లిపొర కంటే పలచగా వరసగా కోస్తారట. ఒక్కో పొరనూ గాజు మీద వేసి, రంగు పూసి ఫోటో తీస్తారు. ఆ ఫోటోలన్నీ పెద్దవిగా అచ్చువేయించి, ఫోమ్ షీట్ల మీద అంటించి, గుండె ఉన్నంత మేర కోసి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే అరచేతిలో పట్టేంత గుండె నిలబడుతుంది. కంటికి ఆనని గుండెను చేత్తో పట్టుకోవచ్చు.

"అత్తా, ఎర్ర పెన్సిల్ గీత మీదనే కొయ్యాలె. నీకైతె చెయ్యి వణకది."

"ఇరవై ఏండ్ల సంది జాకెట్లు కోస్తున్న. కోడిపిల్ల జాకెట్ కొయ్యనా?"

అది కాలేజీకి పోయినప్పుడు అన్నీ కోశాను. ప్రతి ఫోటోలోనూ గుండెకు దూరంగా రెండు చుక్కలున్నాయి. సాయంత్రం అడిగితే, "మైనంల గాలి బుడగలత్తా" అంది. గుండె తీయగా మిగిలిన చుట్టు ముక్కలు, ఆ తుంటలన్నీ, పొయ్యి ముట్టించడానికి పనికొస్తాయని సిమెంటు సంచిలో వేశాను.

ఇద్దరం కూర్చొని పేర్చాం. కింది ముక్క అంచుకు పై ముక్క అంచు కలిపి, గుండుసూదులు గుచ్చి. నున్నగా, ముచ్చటగా వచ్చింది. అది పట్టుకొని కాలేజీకి పోయిన పిల్ల మొహం వేలాడేసుకొని తిరిగొచ్చింది.

"మేడం నవ్విందత్తా. గీ వయసుల గుండె గొట్టం కుడిదిక్కు వంగాలెనట. నాది కరెంటు స్తంభం లెక్క నిలబడ్డదట. సోమారం దాక టైమిచ్చింది. లేకుంటె వచ్చే బ్యాచ్‌తోనే."

"గట్లయితె ఎన్ని రోజులుండాలె ఈడ?"

"ఇంకో ఆరు నెలలు."

ఆ మాట వినగానే నా లోపల ఏదో చల్లబడింది. అది ఏడుస్తోంది, నేను చల్లబడుతున్నాను.

మరుసటి రోజు అది కాలేజీకి పోయాక సంచి విప్పాను. ఏ తుంట తీసినా అవే రెండు చుక్కలు. బుడగలైతే ఒక్కో దాంట్లో ఒక్కో చోట ఉండాలి. మైనం దిమ్మెను కోయకముందే ఎవరో సూదితో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పొడిచారు. శాఫ్టు గుర్తు. అంచులు చూసి పేరిస్తే వంపు సాఫైపోయింది. గుర్తున్న భాగాన్ని మళ్ళీ నేనే కత్తిరించాను.

తెలిసీ చెప్పలేదు. చెబితే సోమవారం పని అయిపోతుంది, పిల్ల ఊరికి పోతుంది. సంచి మూతి కట్టి మంచం కిందికి తోశాను. రెండు రోజులు దానికి ఇష్టమని పచ్చిపులుసు చేశాను. అది ముద్ద కలిపి అలాగే కూర్చునేది.

శనివారం వాళ్ళ నాన్నతో ఫోన్‌లో అంటోంది: "తప్పు నాదే బాపూ. అత్త ఒక్క గీత తప్పకుంట కోసింది."

కూరలో గరిటె అక్కడే వదిలేసి సంచి ఈడ్చుకొచ్చాను.

"గివి బుడగలు గాదు బిడ్డా. మీ మేడంను అడుగు, దిమ్మెకు సూది పొడిచిన్రా అని."

అడిగింది. పొడిచారట, ఆ రోజు ఇది జ్వరంతో కాలేజీకి పోలేదు. ఆదివారమంతా ఏ గుండె ముక్క ఏ తుంటలో సరిపోతుందో వెతికాం. రెండు గొడుగు కమ్మీలు నిలబెట్టి, తుంటలో గుండె ముక్కను తిరిగి పెట్టి, చుక్కల్లో కమ్మీలు దిగేలా, గుండె ముక్కలకు జిగురు పూస్తూ ఒక్కో పొరా దించాం. సగం దాటేసరికి గొట్టం కుడివైపుకు ఒరగడం మొదలైంది. చివరికి తుంటలు చీల్చి తీసేస్తే, గుండె పక్కకు తిరిగి పడుకున్న మనిషిలా ఉంది.

"అత్తా, గిది నీకెట్ల తెల్సింది?"

"మీ మామ చెప్పిండు."

ఎప్పుడు తెలిసిందో చెప్పలేదు. సోమవారం మేడం ఒప్పుకుంది. నెల తిరగకముందే నువ్వు ఊరి బస్సెక్కావు. రెండో గ్లాసు నేనింకా పైన పెట్టలేదు.

ఇవాళ నన్ను చూడ్డానికొచ్చి, మామ గురించి చెప్పు రాసుకుంటానన్నావు. నేను చెబుతుంటే నీ పెన్ను ఎక్కడ ఆగిందో చూశాను. నాకు చదువు రాదు, నేను సంచి దాచిన ఆ రెండు రోజులు నువ్వు రాశావో, వదిలేశావో నాకు తెలియదు. మొదటి నుంచి చదివి వినిపించు బిడ్డా. అక్కడికొచ్చాక గొంతు తగ్గించకు.